ఆరున్నొకటి

ఉగాది సంచిక దగ్గర పడుతోందంటే సంపాదకులు గారి ఫోను వస్తుంది. "డాక్టరు గారూ, మీ పేజీ ఒక్కటే ఖాళీగా ఉందండీ" అంటారు. ప్రతిసారీ నాలుగు రోజులు గడువు అడిగి, ఐదో రోజున ఏదో ఒకటి పంపేస్తూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను. ఇడ్లీ పిండి పొంగకపోవడం గురించి రాశాను. మంచులో కారు కూరుకుపోతే లుంగీ మీదే బయటికొచ్చి తోసిన సంగతి రాశాను. సత్యనారాయణ వ్రతం మధ్యలో స్మోక్ అలారం మోగిన సంగతీ రాశాను. మీరూ పాపం, భోజనాల క్యూలో నన్ను పట్టుకుని "భలే రాశారండీ" అంటూ మెచ్చుకున్నారు. ఈసారిది కొంచెం వేరే సంగతి. నవ్వొచ్చే చోట్లు లేకపోలేదు గానీ, మొత్తం అదేనని మాట ఇవ్వలేను.

నేను రిటైరయ్యాక మా ఆవిడకి ఒక బెంగ పట్టుకుంది. పొద్దస్తమానం ఇంట్లో ఉండి, వంటింట్లోకొచ్చి పోపు డబ్బా సర్దుతానేమోనని. అందుకని నా పుట్టినరోజుకి ఒక కవరు చేతిలో పెట్టింది. విప్పి చూస్తే, ఒక శనివారం పొద్దున్న పది నుంచి సాయంత్రం ఐదు దాకా, పల్లెటూళ్ళో, "క్రియేటివ్ రైటింగ్ రిట్రీట్". అరవై ఐదు పౌండ్లు. మధ్యాహ్నం భోజనానికి ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చుకుని అందరూ పంచుకోవాలట.

"రిట్రీట్ అంటే యుద్ధంలో సైన్యం వెనక్కి తగ్గడం కదే" అన్నాను.

"అదేనండీ, ఒక్క రోజు ఇంట్లోంచి వెనక్కి తగ్గండి" అంది.

దీన్ని తెలుగులో ఏమనాలా అని దారి పొడుగునా ఆలోచించాను. వనవాసం అంటే మరీ పద్నాలుగేళ్ళు గుర్తొస్తాయి. మన కార్తీక వనభోజనాలే దీనికి కొంచెం దగ్గర. కొంత వనం, కొంత భోజనం, మిగిలిన టైములో రాత.

ఆ చోటు మా ఇంటికి గంట దూరం. లీడ్స్ నుంచి హాలిఫాక్స్ దాటి కాల్డర్ లోయ వెంట పోతే హెబ్డెన్ బ్రిడ్జి వస్తుంది. ఇరుకు లోయ కావడాన ఇళ్ళు కట్టే చోటు లేక, అక్కడివాళ్ళు ఒక ఇంటి నెత్తి మీద ఇంకో ఇల్లు కట్టారు. కింది ఇంటికి వాకిలి కింది వీధిలో, పై ఇంటికి వెనకాల మెరక మీది వీధిలో. నూరేళ్ళ మిల్లుల పొగకి రాతి గోడలన్నీ మసిబారిపోయి ఉంటాయి. అక్కడి నుంచి కొండెక్కాలి. ఫస్టు గేరులో ఎక్కుతుంటే కారు మా తాతగారి ఉబ్బసంలా మూలిగింది. పైకి చేరాక మాత్రం, ఎటు చూసినా ఆకాశమూ, గొర్రెలూ. ఆగస్టు చివరి వారం కాబట్టి ఎగువన హెదర్ పొదలు ఊదారంగు పూలతో నిండుగా ఉన్నాయి. ఫోనుకి సిగ్నలు లేదు.

రాసేవాళ్ళు అక్కడే ఎందుకు పోగవుతారంటే దానికో కథ ఉంది. టెడ్ హ్యూస్ 1930లో పుట్టింది ఆ లోయలోని మైథమ్‌రాయిడ్‌లోనే. తర్వాత ఆస్థాన కవి కూడా అయ్యాడు. కొండ మీది హెప్టన్‌స్టాల్ ఊళ్ళోనే 1963లో ఆయన భార్య సిల్వియా ప్లాత్‌ని సమాధి చేశారు. ఆర్వన్ అని ఒక సంస్థ 1968 నుంచి ఇలాంటి రచనా శిబిరాలు నడుపుతోంది. వారం పాటు అందరూ కలిసి వండుకుని తింటూ రాసుకోవడం వాళ్ళ పద్ధతి. హ్యూస్ 1975లో లమ్ బ్యాంక్ అనే తన ఇంటిని వాళ్ళకి అద్దెకిచ్చాడు. కొండలకి అవతల హావర్త్‌లో బ్రాంటీ అక్కచెల్లెళ్ళ ఇల్లు ఉంది. ఆ ముగ్గురూ 1846లో మగపేర్లు పెట్టుకుని, సొంత ఖర్చుతో కవితల పుస్తకం వేసుకుంటే, మొదటి ఏడాదిలో అమ్ముడుపోయినవి రెండే రెండు కాపీలు. సంఘం స్టాలులో పుస్తకాలు పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చునే మన కవిమిత్రులకి ఈ సంగతి ఎప్పుడైనా చెప్పాలనుకుంటున్నాను.

మా వనభోజనం మాత్రం అంత పేరున్న చోట కాదు. ఒక పాత పశువుల కొట్టం. లోపల సున్నం వేసి, కట్టెల పొయ్యి పెట్టి, పొడుగాటి బల్ల వేశారు. తొమ్మిదిమందిమి. ఒక నర్సు, ఇద్దరు రిటైరైన టీచర్లు, ఎవరితోనూ మాట్లాడని ఒక కుర్రవాడు, డెబ్భై దాటిన ఒక గొర్రెల రైతు, ఇంకా కొందరు. నేర్పేది ఒక కవయిత్రి. నలభై ఐదేళ్ళుంటాయి. బురద బూట్లు, చెరగని నవ్వు.

మొదట నియమాలు చెప్పింది. ఒకటి, చదివేముందు ఎవరూ క్షమాపణలు చెప్పకూడదు. "ఏదో తోచింది రాశాను, పెద్దలు మన్నించాలి" లాంటి మాటలు పనికిరావు. ఈ ఒక్క నియమం మన ఉగాది కవి సమ్మేళనంలో పెడితే భోజనాలు గంట ముందే అవుతాయి. రెండోది, గడియారం పెట్టుకుని పది నిమిషాలు పెన్ను ఎత్తకుండా రాయాలి. కొట్టివేతలు వద్దు, స్పెల్లింగు చూసుకోవద్దు. ఏమీ తోచకపోతే "ఏమీ తోచడం లేదు" అనే రాస్తూ పోవాలి. ఇది కొత్త చిట్కా ఏమీ కాదు. 1934లోనే డొరొథియా బ్రాండ్ అనే ఆవిడ, పొద్దున్న లేస్తూనే, ఎవరితోనూ మాట్లాడకముందే, పేపరైనా చూడకముందే రాయమని ఒక పుస్తకంలో చెప్పింది.

తర్వాత నాలుగు మాటలిచ్చింది. గోడ, పాలు, తుప్పు, ఆదివారం. నాలుగూ వచ్చేలా రాయాలి, ఒక్క విశేషణమూ వాడకూడదు. నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. ఇది మన దత్తపదీ, నిషిద్ధాక్షరీ కాదూ? తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి, కాగితం కలం లేకుండా, పక్కన గంటలు మోగుతుండగా చేసిన పనే! ఆ మాట పైకే అన్నాను. అవధానం అంటే ఏమిటో పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఇంత గొప్ప సంస్కృతికి వారసుణ్ణని భుజాలు పొంగాయి. నేను రాసింది చదవమనే దాకానే ఆ పొంగు.

నేను రాసింది ఏమిటంటే, చిన్నప్పటి మా ఇంటి ఆదివారం గురించి అనుకున్నాను. చదువుతుంటే నాకే తెలిసింది. అది కేస్ షీటు. నలభై ఏళ్ళుగా నేను ఇంగ్లీషులో రాసినవన్నీ రోగుల నోట్సూ, కన్సల్టెంట్లకి ఉత్తరాలూ. "ఈ గృహంలో పెరటిగోడ యందు తుప్పు గమనించబడినది, పాలు రోజుకు రెండు మార్లు" అన్న ధోరణి. నర్సమ్మకి వెంటనే తెలిసిపోయింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కవయిత్రి నవ్వలేదు. "దీంట్లో మీరెక్కడున్నారు?" అని అడిగింది. నేను దీంట్లో లేను. డాక్టరు కేస్ షీటులో ఉండడు. అడుగున సంతకం ఉంటుంది, అంతే.

పదకొండున్నరకి అందర్నీ బయటికి పంపింది. నలభై నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, నడవాలి. నలుగురు తెలుగువాళ్ళకి ఈ శిక్ష వేసి చూడాలి! నేను పది నిమిషాలే ఓర్చుకున్నాను. గొర్రెల రైతు ఒక గోడ దగ్గర ఆగి, పడిన రాయి తీసి మళ్ళీ పెడుతుంటే పక్కనే నుంచున్నాను. ఆయనా నియమం తప్పాడు. ఆ గోడల్లో సున్నం ఉండదు, సిమెంటు ఉండదు. రెండు వరసలు కొంచెం ఒకదానివైపు ఒకటి వాలేలా పేర్చి, మధ్య ఖాళీలో చిన్న రాళ్ళు నింపుతారు. అక్కడక్కడా రెండు వరసలకీ అడ్డంగా ఒక పొడుగు రాయి వేస్తారు. ఆ అడ్డరాయి లేకపోతే రెండు వరసలూ పొట్ట ఉబ్బి, విడిపోయి పడిపోతాయని చెప్పాడు.

భోజనాల దగ్గర నా పరువు కొంత నిలిచింది. మా ఆవిడ కట్టించిన పులిహోర ముందు వాళ్ళ చీజు ముక్కలూ కోడిగుడ్ల కేకూ వెలవెలపోయాయి. మాట్లాడని కుర్రవాడు మూడుసార్లు వడ్డించుకుని, అందులో ఎండుమిరపకాయ కూడా తినేసి, అప్పుడు మొదటిసారి మాట్లాడాడు. ఆ మాట ఇక్కడ రాయదగింది కాదు.

మధ్యాహ్నం మొదట చదివింది రైతు. 2001లో ఈ దేశంలో పశువులకి గాలికుంటు రోగం వచ్చింది, మీలో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అరవై లక్షలకి పైగా పశువుల్ని చంపేశారు. రోగం సోకినవే కాదు, చుట్టుపక్కల పొలాల్లోవీ. అప్పుడు మేం టీవీలో మంటలు చూశాం, పొగ చూశాం, అన్నం తిన్నాం. ఆయన మంద మొత్తం ఒక్క పొద్దుటితో పోయింది. అందులో ఒక్క దానికీ రోగం లేదట.

ఆయన రాసిందాంట్లో ఏడుపు లేదు. ఉన్నదంతా లెక్క. అక్కడి కాపర్లకి గొర్రెల్ని లెక్కపెట్టడానికి వేరే అంకెలుండేవి. యాన్, టాన్, టెథర్, మెథర్, పిప్. ఇంగ్లీషు రాకముందు అక్కడున్న భాషలోంచి మిగిలినవని చెబుతారు. వాళ్ళ తాత అలాగే లెక్కపెట్టేవాడట. ఆ పొద్దున్న ప్రభుత్వం మనుషులు ఇంగ్లీషులో లెక్కపెట్టుకుంటూ పోతుంటే, ఈయన గోడ దగ్గర నుంచుని తాత అంకెలతో లెక్కపెట్టాడు. ఎందుకో తెలియదన్నాడు. ఇంకో సంగతి కూడా రాశాడు. కొండ మీద మేసే గొర్రెలకి కంచె ఉండదు. తమ మేత ఎక్కడి దాకానో తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది, దాని పిల్లకి అది నేర్పుతుంది. మంద మొత్తం పోయాక కొత్త గొర్రెల్ని కొనుక్కొచ్చి వదిలితే అవి ఎటు పడితే అటు పోయాయి. హద్దు చెప్పే తల్లి ఒక్కటీ లేదు మరి.

ఆయన చదువుతున్నంతసేపూ నాకు మా ఇంటి కళ్ళం గుర్తొచ్చింది. తెనాలి దగ్గర మా ఊళ్ళో వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనరు, "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు... ఆరు దాకా వచ్చాక ఏడు అనకూడదు. ఏడు అంటే ఏడవమని కూడా అర్థం కదా. "ఆరున్నొకటి" అనాలి. మా నాన్నగారికి ఈ పట్టింపులు లేవు. అమ్మకి మాత్రం చచ్చేంత పట్టింపు. ఎక్కాలు అప్పజెబుతున్నా సరే, సంక్రాంతి నెలలో ఇంట్లో ఏడు అనే అంకె వినపడకూడదు. "ఏడొకట్లు ఆరున్నొకటి" అని నేను బళ్ళో అప్పజెప్పి మేష్టారి చేత తన్నులు తిన్నాను.

"ఇప్పుడు ఇరవై నిమిషాలు. ఏ భాషలో వస్తే ఆ భాషలో" అంది కవయిత్రి.

నేను రాసింది ఇది. ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా.

2021 ఏప్రిల్ 23న ఈ దేశం ఇండియాని రెడ్ లిస్టులో పెట్టింది. వెళ్ళొస్తే పది రోజులు హోటల్లో ఉండాలి, ఒక్క మనిషి అయితే 1,750 పౌండ్లు. మే మొదటి వారంలో అమ్మకి జ్వరం వచ్చింది. మూడో రోజుకి ఆయాసం. తమ్ముడు వేలికి తగిలించే మీటరు కొని, గంట గంటకీ వాట్సాప్‌లో అంకెలు పంపేవాడు. 94. 92. 91. నేను ఇక్కడ సర్జరీలో రోగుల మధ్య కూర్చుని ఫోను చూసుకునేవాణ్ణి. డాక్టర్ని కదా, ఆ అంకెలు ఎటు పోతున్నాయో నాకు తెలుసు. వాడికి తెలియదు. "బాగానే ఉంది, బోర్లా పడుకోబెట్టు" అని రాసేవాణ్ణి. గుంటూరులో బెడ్డు దొరికేసరికి ఇంకో రోజు పట్టింది.

అంబులెన్సులోంచి తమ్ముడు ఫోను చేశాడు. మీటరు చూసి "ఎనభై ఏడు" అని వాడు డ్రైవరు పక్కనున్న అబ్బాయికి చెబుతుంటే, అమ్మ మాస్కు పక్కకి లాగి, "ఆరున్నొకటి అనరా, అప్రాచ్యుడా" అందట. ఆ మాట చెప్పి వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ నవ్వు మధ్యలోనే వాడు, "నువ్వు రావద్దన్నయ్యా. వచ్చినా లోపలికి రానివ్వరు" అన్నాడు.

వెళ్ళకూడదనే రూలేమీ లేదు. తల్లి దగ్గరికంటే ఇక్కడి వాళ్ళూ ఆపేవారు కాదు. విమానాలు తగ్గాయి గానీ అసలు లేకపోలేదు. డబ్బు లెక్క కాదు. సర్జరీలో మనుషులు చాలడం లేదు, వాక్సీన్ల పని ఉంది, అవన్నీ నిజమే. కానీ వాడు రావద్దు అన్న క్షణంలో నా గుండెల మీదినుంచి బరువు దిగింది. అదీ నిజమే. మూడో రోజున అమ్మ పోయింది. దహనం ఫోనులో చూశాను, సిగ్నలు సరిగా లేక బొమ్మ ఆగి ఆగి వచ్చింది. మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకి మొదటి రోగిని పిలిచాను.

ఇదంతా సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో, చివరికొచ్చేసరికి పూర్తిగా తెలుగులో రాశాను. చదవమంటే ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయాను. ఏడు అంటే ఏమిటో, ఆరున్నొకటి ఎందుకో వివరించాల్సొచ్చింది. రైతు తల ఊపాడు, ఆయనకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఎవరూ ఓదార్చలేదు, అందుకు వాళ్ళకి రుణపడి ఉంటాను. మన సభల్లో అయితే ఈపాటికి నలుగురు మైకు అందుకునేవారు.

కవయిత్రి ఒక్కటే అడిగింది. "మీ తమ్ముడు నవ్వాడని రాశారు. ఆయన నవ్వు ఎలా ఉంటుంది?"

చెప్పబోయాను. రాలేదు. వాడి నవ్వు నాకు తెలుసు. చిన్నప్పుడు భుజాలు ఎగరేస్తూ, చప్పుడు లేకుండా నవ్వేవాడు, కళ్ళు మూసుకుపోయేవి. చప్పుడు చేసి నవ్వడం వాడికి అలవాటు లేదు. మరి ఆ రోజు ఫోనులో నేను విన్న చప్పుడు ఏమిటి?

ఐదింటికి అందరం కప్పులు కడిగి, కుర్చీలు సర్ది బయటపడ్డాం. రైతుకి మిగిలిన పులిహోర డబ్బాతో సహా ఇచ్చేశాను. డబ్బా సంగతి ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది. దాని గురించి ఇంట్లో జరిగింది వచ్చే సంచికలో రాస్తాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పన్నెండయ్యాక కిందికొచ్చి తమ్ముడికి ఫోను చేశాను. అక్కడ తెల్లవారుజామున నాలుగున్నర దాటుతుంది, వాడు ఆ టైముకి లేచే ఉంటాడు.

"ఏంటన్నయ్యా, అందరూ బాగానే ఉన్నారా?" అన్నాడు కంగారుగా. ఆ వేళప్పుడు వచ్చే ఫోనంటే మా ఇద్దరికీ భయమే.

బాగానే ఉన్నామని చెప్పి, అంబులెన్సు సంగతి ఎత్తాను. అమ్మ ఆరున్నొకటి అనమన్నప్పుడు మనం నవ్వుకున్నాం, గుర్తుందా అన్నాను.

కాసేపు వాడు పలకలేదు.

"నువ్వు నవ్వావు" అన్నాడు. "నేను నవ్వలేదన్నయ్యా. ఏడ్చాను. లైను సరిగా లేదు కదా, నవ్వుతున్నాననుకున్నావు. పోన్లే, నువ్వైనా నవ్వుతున్నావు కదా అని చెప్పలేదు."

"మరి రావద్దన్నావు?"

"అన్నాను. నువ్వు, లేదు వస్తానంటావేమో అనుకున్నాను."

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. క్షమించమని అడుగుదామనుకున్నాను. పొద్దున్న చెప్పిన మొదటి నియమం గుర్తొచ్చి ఆగానో, నోరు రాక ఆగానో ఇప్పటికీ చెప్పలేను. అంబులెన్సులో అమ్మ ఇంకా ఏమేం మాట్లాడిందో చెప్పమన్నాను. మూడేళ్ళ పైన అయింది, నేను ఒక్కసారీ అడగలేదు. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. చీర మార్చకుండా తీసుకొచ్చారని గొడవపడిందట. గేదెకి కుడితి పెట్టారా అందట, మా ఇంట్లో గేదె లేక పదేళ్ళయింది. డ్రైవరు అబ్బాయిని ఏ ఊరని అడిగి, ఆ ఊళ్ళో తనకి తెలిసిన వాళ్ళందరి పేర్లూ చెప్పిందట.

అక్కడ బెల్లు మోగింది.

"పాలబ్బాయి. ఉండన్నయ్యా, పెట్టెయ్యకు" అని వెళ్ళాడు. చెప్పుల చప్పుడు, తలుపు గడియ, పాల పాకెట్లు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించాయి. మళ్ళీ ఫోను అందుకుని, "ఎక్కడున్నాం?" అన్నాడు.